పాడి మేకకు రోజుకో చెంచా

మాకు కాకి అని ఒక మేక ఉంది. జమునాపారి పోతుకీ నాటు మేకకీ పుట్టింది. చెవులు తండ్రివి, మొండితనం తల్లిది. పూటకు ముప్పావు లీటరు పాలిచ్చేది. పేరుకు తగ్గ నలుపు. రెండో ఈత అయిన మూడు నెలలకు వీపు మీద నలుపు పోయి ఇటుకరాయి రంగు తిరిగింది. ఎండకేమో అనుకున్నాను. ఉదయగిరి ఎండలకు మనుషులమే రంగు మారిపోతాం, మేకెంత! ఆ తర్వాత తోక చివర వెంట్రుకలు రాలి చేపతోక మాదిరి రెండుగా చీలినట్టు కనపడింది. కళ్ల చుట్టూ వెంట్రుక పలచబడి కళ్లద్దాలు పెట్టినట్టయింది. పాలు పూటకు అర లీటరుకు దిగాయి. అప్పుడు పట్టుకుంది నాకు టెన్షన్.

పశువుల డాక్టరమ్మ వచ్చి మేకను ఒక్క నిమిషం చూసింది. మినరల్ మిక్చర్, అంటే మేతలో కలిపే ఖనిజాల పొడి, దాని సంచి తెమ్మని వెనక వైపు చాలాసేపు చదివింది.

"ఏమ్మా, ఇది గొర్రెలది కదా. ఇందులో రాగి లేదు. నువ్వు పెట్టేది మేకకి."

"రెండూ ఒకటేనన్నారు మేడం, కొట్లో."

"కొట్లో ఒకటే. కడుపులో కాదు."

మా మరిదికి నలభై జోడిపి జాతి గొర్రెలున్నాయి. ఆయన సంచిలోంచే నేనూ ఏడాదిగా తీసుకుంటున్నాను. నెల్లూరు జిల్లాలో మందంటే గొర్రెలూ మేకలూ కలిసే ఉంటాయి కాబట్టి ఈ పొరపాటు నా ఒక్కదానిదే కాదు. గొర్రె శరీరం రాగిని సరిగా బయటికి పంపలేదు, కాలేయంలో దాచుకుంటూ పోతుంది. అది నిండిన రోజున కళ్లు పచ్చబడి, మూత్రం ఎర్రగా పోసి చచ్చిపోతుంది. అందుకే గొర్రెల మిశ్రమంలో రాగి వేయరు, వేసినా నామమాత్రం. మేకకు గొర్రె కంటే చాలా ఎక్కువ రాగి కావాలి. అది చాలకపోతే మొదట వెంట్రుక చెబుతుంది, తర్వాత పొదుగు చెబుతుంది, ఇంకా ముదిరితే పుట్టే పిల్లల వెనక కాళ్లు పట్టు తప్పి తూలతాయి. ఇప్పుడు మా దొడ్లో రెండు డబ్బాలున్నాయి. ఎర్ర మూత మేకలది, తెల్ల మూత గొర్రెలది. మరిదికి చదువు రాదు గానీ రంగు తప్పడు.

రాగి తక్కువైందని తెలిశాక మా పక్క తాత మైలుతుత్తం నీళ్లలో కలిపి పట్టించమన్నాడు. అదీ రాగే, నిజమే. కానీ చేత్తో గిల్లి వేసే సరుకు కాదది. కాస్త ఎక్కువైతే మేకను కూడా చంపుతుంది. రాగి వేరుగా ఇవ్వాలంటే డాక్టరే తూకం చెప్పాలి. మాకైతే సంచి మార్చడంతోనే సరిపోయింది.

ఇక సంచి ఎట్టా ఎంచుకోవాలో చెబుతాను. ముందు వైపు మేక బొమ్మ, పాల బిందె బొమ్మ ఉంటాయి, వాటిని చూడకండి. వెనక వైపు చిన్న అక్షరాల పట్టీ చూడండి. కాల్షియం 20 శాతానికి అటూ ఇటూ, భాస్వరం 12 దగ్గర ఉండాలి. అంటే కాల్షియం భాస్వరానికి రెండింతలకు దగ్గరగా. రాగి, జింకు, అయోడిన్, కోబాల్టు, మాంగనీసు పేర్లు, వాటి అంకెలు కనపడాలి. అంకెలు లేకుండా "సమస్త ఖనిజాలు" అని రాసి ఉంటే దాన్ని అక్కడే పెట్టి రండి. ఆవులకూ గేదెలకూ వాడే మంచి మిశ్రమం మేకకు పనికొస్తుంది, అందులో రాగి ఉంటుంది. ఉప్పు కలిపినదా, కలపనిదా అని కూడా చూసుకోండి, ఎందుకో కింద వస్తుంది. తయారైన తేదీ పాతదైతే వద్దు. మిశ్రమంలో విటమిన్లు కూడా కలిపి ఉంటే అవి కాలంతో చచ్చుబడతాయి.

కొలత సంగతికొస్తే, నా దగ్గర ఉదయగిరి కొయ్య చెంచా ఉంది. దుర్గం కింద చెక్కే ఆ చెంచాలు అందరూ ఊళ్లకు బహుమతిగా పట్టుకెళ్తారు, నేను మేకల డబ్బాలో వేశాను. ఉప్పు సరుకులో ఇనుప చెంచా తుప్పు పడుతుంది, కొయ్యకు ఆ బాధ లేదు. దాన్ని మా ఊరి కంసాలి దగ్గరికి తీసుకెళ్లి బంగారం తూచే కాటా మీద పెట్టించాను. గీతకు సమంగా నింపితే మినరల్ మిక్చర్ 6 గ్రాములు, గోపురంగా నింపితే 10. ఆయన నవ్వుతూ "తరుగు తియ్యనాక్కా?" అన్నాడు. మీ చెంచా మీరు తూయించుకోండి. చెంచా అనే మాటకు ఒక్కో ఇంట్లో ఒక్కో బరువు.

పాలిచ్చే మేకకు రోజుకు 10 గ్రాములు, లీటరున్నర దాటి ఇచ్చేదానికి 15. చూడి మేకకు 10. మేత ముట్టిన పిల్లలకు 3 నుంచి 5. ఇంతే. కిలో నూట ఇరవై పెట్టి కొంటున్నాను, మేకకు రోజుకు రూపాయి ఇరవై పైసలు పడుతోంది.

ఆ 10 గ్రాములు ఎందుకో లెక్క వేసి చూపిస్తాను. లీటరు మేకపాలలో కాల్షియం గ్రాము పైన, ఒకటింబావు దాకా ఉంటుంది. కాకి రోజుకు లీటరున్నర ఇస్తే దాని ఒంట్లోంచి దాదాపు 2 గ్రాములు బిందెలోకి వస్తున్నట్టు. 20 శాతం కాల్షియం ఉన్న మిశ్రమం 10 గ్రాములు పెడితే లోపలికి వెళ్లేది కూడా 2 గ్రాములే. తిన్నదంతా ఒంటికి పట్టదు, మిగతాది ఆకు నుంచి రావాలి. ఆకు లేకుండా తవుడు మీదే నడిపితే చెంచా ఒక్కటీ ఈ అప్పు తీర్చలేదు. మేక ఊరుకోదు, పాలు తగ్గించే ముందు తన ఎముకల్లోంచి తీసి ఇస్తుంది. అందుకే బాగా పాలిచ్చే మేకే ముందు పడిపోతుంది.

కాబట్టి చెంచా పట్టుకునే ముందు ఏం తింటోందో కాగితం మీద రాసుకోండి. మా దగ్గర చెనిక్కాయ కట్టె, అవిశాకు, రేగాకు, పిల్లిపెసర ఉంటాయి. వీటిలో కాల్షియం బాగా ఉంటుంది. తవుడుది తిరగబడిన లెక్క. కిలో తవుడులో భాస్వరం 15 గ్రాముల దగ్గర, కాల్షియం గ్రాము అటూ ఇటూ. నూనె తీసిన చెక్కల్లోనూ గింజల్లోనూ కాల్షియం కంటే భాస్వరమే ఎక్కువ. ఆకు ఎక్కువ తినే మేకకు ఒక లోటు, బస్తా దాణా తినే మేకకు ఇంకో లోటు.

ఆ భాస్వరం లెక్క తెలియకే నేనొక పోతును పోగొట్టుకున్నాను. జాతరకని పెంచాం. లావెక్కాలని రెండు పూటలా తవుడు, మొక్కజొన్న. ఆకు తక్కువ. పైగా పాడి మేకలకు పెట్టే మినరల్ కూడా దానికీ ఒక గోపురం చెంచా, ప్రేమకొద్దీ. ఒక పొద్దున కాళ్లు బార చాచి నిలబడి, తోక ఆడిస్తూ, మూలుగుతూ ముక్కుతోంది. మలబద్ధకం అనుకుని ఆముదం పట్టాం. మూత్రం చుక్క చుక్కగా పడుతోందని ఎవరం చూడలేదు. మూడో రోజుకు పొట్ట కింద నీరు చేరింది. భాస్వరం ఎక్కువై మూత్రంలో రాళ్లు కట్టి, సన్నటి దారి మూసుకుపోయిందట. ఆడ మేకకు ఆ దారి వెడల్పు, దానికి ఈ బాధ దాదాపు రాదు. పోతుకి, అందునా చిన్నప్పుడే విత్తు కొట్టిన దానికి, ఎక్కువ. అప్పటి నుంచి మా పోతులకు తవుడు పిడికెడు మించదు, ఆకు కడుపు నిండా, నీళ్లు ఎప్పుడూ తొట్టి నిండా. ఉప్పు మాత్రం ఆపను, ఉప్పు తింటే నీళ్లు ఎక్కువ తాగుతుంది, దారి కడుక్కుపోతుంది. భాస్వరం ఉన్న మిశ్రమం బదులు కాల్షియం ఒక్కటే ఉండే కాల్సైట్ పొడి దాణాలో కలపమని డాక్టరమ్మ చెప్పింది. మీ పోతు అట్టా ముక్కుతూ నిలబడితే ఆముదం వెతక్కండి, 1962కి ఫోన్ చేసి సంచార పశువైద్య బండిని పిలవండి. గంటల్లో చూడాల్సిన పని అది.

కాల్షియం అనగానే కిళ్లీ సున్నం తినిపించేవాళ్లూ, భాస్వరం అనగానే చేనుకు వేసే సూపర్ ఫాస్ఫేట్ పిడికెడు కలిపేవాళ్లూ ఉన్నారు. సున్నం నోరు, పేగు కాలుస్తుంది. ఎరువుతో ఇంకో గొడవ ఉంది, అది ఫ్లోరైడు. మన వైపు వాళ్లు ఇది కాస్త ఆగి చదవాలి.

మనుషుల్లో ఫ్లోరైడు బాధ గురించి మన దేశంలో మొదట 1937లో వైద్యులు రాసింది అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్లను చూసే. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు అప్పుడు నెల్లూరులోనే ఉండేవి. ఉదయగిరి వైపు కూడా చాలా బోర్లలో అదే నీళ్లు. మనం క్యాన్ నీళ్లకు మారాం, మేకలు ఇంకా బోరు తొట్టి దగ్గరే ఉన్నాయి. మేక కింది పెదవి దించి ముందు పళ్లు చూడండి. పైన ముందు పళ్లు మేకకు ఎట్టాగూ ఉండవు. కింది పళ్ల మీద గోధుమరంగు గీతలు, గుంటలు, వయసుకు మించిన అరుగుదల ఉంటే నీళ్లను అనుమానించండి. నడక బిగుసుకుపోవడం తర్వాత వస్తుంది. నీళ్ల సీసా గ్రామీణ నీటి సరఫరా వాళ్ల (ఆర్‌డబ్ల్యూఎస్) ల్యాబ్‌కు పంపితే అంకె చెబుతారు. మనుషులు తాగే నీళ్లకు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మేకలకు ఆ గీత కొంచెం పైన ఉన్నా, ఏళ్ల తరబడి ఉంచుకునే పాడి మేకను నేను మనిషి లెక్కలోనే చూస్తాను. మా బోరు బాగాలేదు. అందుకని పాడివాటికీ చూడివాటికీ చెరువు నీళ్లు, వానాకాలం డ్రమ్ముల్లో పట్టిన నీళ్లు. అది కుదరని నెలల్లో ఆకు, కాల్షియం తగ్గనివ్వను. కడుపులో కాల్షియం ఉంటే ఫ్లోరైడులో కొంత దాన్ని పట్టుకుని పేడతో పోతుంది. రాతి భాస్వరం నుంచి ఫ్లోరైడు తీయకుండా చేసిన చవక మిశ్రమం మన దగ్గర పెడితే, నీళ్లలో ఉన్నది చాలదని సంచిలోది కూడా పోసినట్టే. మంచి సంచి మీద ఫ్లోరిన్ ఇంతకు మించదని అంకె ఉంటుంది. నేను ఇప్పుడు ఆ వరుసే ముందు చదువుతాను.

ఉప్పు. మాకు ఇస్కపల్లి కొటార్ల నుంచి కల్లుప్పు వస్తుంది, చవక. మేకలకు ఇష్టం కూడా. కానీ అందులో అయోడిన్ కలపరు. మినరల్ మిక్చర్‌లో అయోడిన్ ఉంటే కల్లుప్పు పరవాలేదు. లేకపోతే ఇంట్లో వాడే అయోడైజ్డ్ ఉప్పు వేయండి. రోజుకు మేకకు 5 నుంచి 10 గ్రాములు. సంచిలోనే ఉప్పు కలిసి ఉంటే ఇక్కడ తగ్గించుకోండి. వేలాడదీసే ఉప్పు ఇటుకలు మంచివే, అయితే మేక నాలుక ఆవు నాలుకంత గరుకు కాదు. లీటరు పైన ఇచ్చే మేక ఆ ఇటుకను నాకి తనకు కావలసినంత తెచ్చుకోలేదు. పొడి ఉప్పే నయం. పాత నూనె క్యాను అడ్డంగా కోసి, మేక భుజం ఎత్తున గుంజకు కట్టాను. కిందపెడితే అందులో పెంటికలు వేస్తుంది, మళ్లీ అదే మేక అసహ్యించుకుని ముట్టదు. చాలా రోజులు ఉప్పు చూడని మందకు మొదటి రోజే డబ్బా నింపి పెట్టకండి. మేసి, నీళ్లు తాగి వచ్చాక కొంచెం కొంచెంగా అలవాటు చేయండి.

అయోడిన్ మాట వచ్చింది కాబట్టి సుబాబుల్ గురించి. కాగితం మిల్లుల కోసం ప్రకాశం జిల్లాలో వేల ఎకరాల్లో వేశారు, ఇటు మా వైపూ వచ్చింది. కొట్టిన చోట కొమ్మలు ఊరికే దొరుకుతాయి. మాంసకృత్తులు, కాల్షియం దండిగా ఉన్న ఆకు. కానీ అందులో మైమోసిన్ అనే పదార్థం ఉంది. అది కడుపులో మారి థైరాయిడ్‌ను పని చేయనివ్వదు. మేతలో మూడో వంతు మించితే, నెలల తరబడి పెడితే, వెంట్రుక రాలుతుంది, పుట్టే పిల్లలకు గొంతు దగ్గర గడ్డ. చూడి మేకకు నేను ఇంకా తక్కువే పెడతాను.

గొంతు కింద వాపు కనపడగానే అయోడిన్ అనుకోకండి, మూడు రకాలుంటాయి. దవడ కింద మెత్తగా, నీళ్ల సంచిలా వేలాడుతూ, మేసి వచ్చిన సాయంత్రం పెరిగి పొద్దుటికి తగ్గితే అది జలగ వాపు, కడుపులో పురుగులు. పుట్టిన పిల్లకే గొంతు మొదట్లో గట్టిగా ఉండి, ఒంటి మీద వెంట్రుక లేక, పాలు చీకే ఓపిక లేకపోతే అయోడిన్ లోటు. ఇక రెండు నెలల పిల్ల తల్లి పాలు బాగా తాగుతూ, గెంతుతూ ఉండి గొంతు దగ్గర మెత్తటి బుడిపె ఉంటే దాన్ని వదిలేయండి, పెద్దయ్యే కొద్దీ అదే పోతుంది. మా ఆడబిడ్డ అట్టాంటి పిల్లకు వాతలు పెట్టించింది. బుడిపె పోయాక వాతల వల్లే పోయిందని ఈనాటికీ చెబుతుంది.

పురుగుల మాట మరచిపోవద్దు. కనురెప్ప లోపల తెల్లగా పాలిపోతే మన దగ్గర నూటికి తొంభై సార్లు పురుగులే, ఇనుము లోటు కాదు. ఎర్రమట్టి నేలల్లో మేసే మేక మట్టితోనే బోలెడు ఇనుము మింగుతుంది. ఆ ఇనుము ఎక్కువైనా రాగిని ఒంటికి పట్టనివ్వదు. వానలు పడ్డాక పురుగుల మందు వేసి, అప్పుడు మినరల్ మాట ఆలోచించండి. కాళ్ల మీద చర్మం మందమై పొట్టు లేస్తే జింకు కావచ్చు, గజ్జి కావచ్చు. చర్మం గోకి డాక్టరుకు చూపించి తెలుసుకోండి. సెలీనియం ఇంజెక్షన్ మాత్రం ఫోన్లో వీడియో చూసి వేసే పని కాదు, మందుకూ విషానికీ మధ్య సందు చాలా సన్నం.

దాణాలో కలపడం తేలిక. 10 కిలోలకు నా పాళ్లు: మొక్కజొన్న నూక 4 కిలోలు, వేరుశనగ చెక్క 3, తవుడు 2, మినప పొట్టు ముప్పావు కిలో, మినరల్ 200 గ్రాములు, ఉప్పు 100. ఓ యాభై గ్రాములు అటూ ఇటూ అయితే ప్రాణం మీదికి రాదు. అర కిలో దాణా తినే మేకకు అందులోనే 10 గ్రాములు పడ్డట్టే, మళ్లీ చెంచాతో వేయకండి. చెంచా ఉన్నది దాణా పెట్టని రోజుకు, దాణా తక్కువ తినే చూడి మేకకు. మినరల్‌ను ముందు రెండు గుప్పిళ్ల తవుడులో కలిపి, ఆ తవుడును మిగతా దానిలో కలపండి. నేరుగా పోస్తే ఒక మేకకు మొత్తం, ఇంకోదానికి సున్నా. పొడిగా ఉంటే ముక్కుతో ఊది పారేస్తాయి. కాస్త నీళ్లు చిలకరించండి, కొత్తలో బెల్లం నీళ్లు. వారం రోజులు సగం కొలతతో మొదలుపెడితే వాసనకు అలవాటు పడతాయి.

పశువులు నాకడానికి యూరియా కలిపిన దిమ్మలు వస్తాయి, మేకలకు నేను కొనను. వాన నీళ్లు నిలిచి యూరియా కరిగితే ఆ నీళ్లు తాగిన మేక గంటలో పోతుంది.

ఈనే ముందూ తర్వాతా జాగ్రత్త. మేక అయిదు నెలలు మోస్తుంది. పిల్ల ఎముక ఎక్కువగా పెరిగేది చివరి నెలన్నరలో. ఆ రోజుల్లో పాలు ఇవ్వట్లేదు కదా అని చెంచా ఆపేస్తారు, అదే తప్పు. అట్టాగని కాల్షియం టానిక్ సీసాలు దించడం కూడా తప్పే. రోజూ బయట నుంచి అంత వస్తుంటే ఎముకల్లోంచి తీసుకునే పని ఒళ్లు మరచిపోతుంది. తీరా ఈని పాలు దిగిన రోజున కావలసి వస్తే అందదు. ఆ రోజుల్లో చెవులు చల్లబడి, తూలుతూ, మేత ముట్టక, మెడ పక్కకు తిప్పి పడుకుంటే పాలజ్వరం. పేరుకు జ్వరం, ఒళ్లు చల్లగానే ఉంటుంది. డాక్టరు నరానికి కాల్షియం నెమ్మదిగా ఎక్కిస్తారు, కాసేపట్లో మేక లేచి నిలబడుతుంది. అది చూసి మనమే సూది పట్టుకుంటే, తొందరగా ఎక్కితే గుండె ఆగిపోతుంది. నోటి ద్వారా పట్టాలన్నా మింగగలుగుతోందో లేదో చూసుకోవాలి, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

మా డబ్బాలు స్టవ్ గది పక్కన ఉంటాయి, తేమ తగలకుండా. గడ్డ కట్టిన మిశ్రమాన్ని నలిపి వాడొచ్చు, బూజు వాసన వస్తే పారేయాలి. గోడ మీద క్యాలెండర్‌లో సంచి తెరిచిన రోజు రాస్తాను. ఏడు మేకలకు రోజుకు 70 గ్రాములంటే కిలో పద్నాలుగు రోజులు రావాలి. ఇరవై రోజులు వచ్చిందంటే ఎవరో పూట ఎగ్గొట్టారు. వారంలో అయిపోయిందంటే మా చిన్నోడు గోపురం మీద గోపురం వేశాడు.

సంచి మార్చాక వారానికే కాకిలో తేడా ఏమీ కనపడలేదు. రంగు పోయిన వెంట్రుక మళ్లీ నల్లబడదు, కొత్తగా మొలిచేదే నలుపు. రెండో నెలలో చర్మం దగ్గర వేలితో పాయ తీసి చూస్తే వెంట్రుక కుదుళ్లలో సన్నటి నల్ల గీత కనపడింది. పాలు మళ్లీ ముప్పావుకు వచ్చింది మూడో ఈతలోనే. ఇప్పుడు తోక చివర కుచ్చు కూడా ఉంది, పాలు పితికేటప్పుడు దాంతోనే నా మొహం మీద కొడుతోంది.